మోగని గంటకి కాపలా ఎవరు?

"దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయట" అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. కాపలాకి కుక్కుందన్న ధీమాతో తలుపు గడియ కూడా వేయకుండా నిద్రపోయేవాళ్ళని చూసి పుట్టి ఉంటుంది ఆ సామెత. కుక్కకి చెవుడొచ్చిందో, ముసలిదై మూలన పడుందో చూసుకోవాల్సింది ఎవరు? యజమానే కదా!

ఈ వారం నేను మీతో మాట్లాడాలనుకున్నది అలాంటి ఓ కాపలాదారు గురించి. దానిపేరు గ్యాస్ డిటెక్టర్. వంటగ్యాస్ లీకైతే పసిగట్టి గంట మోగించే చిన్న పెట్టె. ఒకప్పుడు ఫ్యాక్టరీల్లోనే కనిపించేది. ఇప్పుడు కొత్త ఫ్లాట్ల వంటిళ్ళల్లోకీ వచ్చేసింది. కొనుక్కోవడం మంచిదే. కాదనను. కానీ కొన్నాక దాన్ని ఏంచేస్తున్నాం అన్నదే నా ప్రశ్న.

ఈమధ్య తెలిసినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళినప్పుడల్లా వంటింటి గోడవైపు ఓ కన్నేస్తున్నాను. సబ్బుపెట్టె అంత పెట్టె కనిపిస్తే "దీన్ని చివరిసారి ఎప్పుడు పరీక్ష చేశారండీ?" అని అడుగుతున్నాను. ఒకావిడ "పరీక్షేమిటండీ, లైటు వెలుగుతోంది కదా!" అన్నారు. ఇంకొకావిడ "అగరొత్తి వెలిగించినా అరుస్తోందని మా అబ్బాయి తీసి అటకమీద పడేశాడు" అన్నారు. మూడో ఇంట్లో దాని ప్లగ్గు ఊడదీసి ఉంది. ఆ పాయింటులో మిక్సీ పెట్టుకుంటున్నారట. "పచ్చడి రుబ్బుకున్నాక మళ్ళీ పెట్టేస్తాంలెండి" అన్నారు నవ్వుతూ.

ముగ్గురూ చదువుకున్నవాళ్ళే. ముగ్గురూ డబ్బు పెట్టి కొన్నవాళ్ళే. వాళ్ళని తప్పుపట్టడానికి చెప్పడంలేదు నేను. అమ్మినవాడు గోడకి మేకు కొట్టి వెళ్ళిపోయాడే తప్ప, దీన్ని ఎలా చూసుకోవాలో ఒక్క ముక్క చెప్పలేదు. దాంతోపాటు వచ్చిన కరపత్రం చూస్తే చీమతలకాయంత అక్షరాలు, అదీ ఇంగ్లీషులో. ఇక ఎవరికి తెలుస్తుంది?

కిరాణా కొట్లో కందిపప్పు తూయించుకునేటప్పుడు మన కళ్ళు ఎక్కడుంటాయి? కాటామీదే కదా. కాటా సున్నా దగ్గర ఉందా లేదా అని చూస్తాం. కాస్త తేడా కనిపిస్తే "ఏం బాబూ, నీ కాటా ఏమిటి ఇలా ఉంది?" అని నిలదీస్తాం. తూనికలు కొలతల శాఖవాళ్ళు ఎలక్ట్రానిక్ కాటాలని ఏటా పరీక్షించి ముద్ర వేస్తారు. ఎందుకు? ఎంత మంచి కాటా అయినా వాడగా వాడగా తప్పుతుంది గనుక. అసలు తూకంరాయితో సరిచూసుకోకపోతే అది చూపించే అంకెకి విలువలేదు గనుక.

గ్యాస్ డిటెక్టరూ ఒక కాటాయే. గాలిలో గ్యాస్ ఎంతుందో తూచే కాటా. దానికీ ఓ తూకంరాయి కావాలి. ఎంత గ్యాస్ కలిపారో ఖచ్చితంగా తెలిసిన చిన్న సిలిండరే ఆ తూకంరాయి. ఆ గ్యాస్ చూపించి, పరికరం సరైన అంకె చూపిస్తోందో లేదో చూసి, తేడా ఉంటే దిద్దడాన్నే క్యాలిబ్రేషన్ అంటారు. దిద్దకుండా, గ్యాస్ కాస్త చూపించి గంట మోగుతుందో లేదో మాత్రం చూస్తే దాన్ని బంప్ టెస్ట్ అంటారు. ఈ రెండుమాటలూ ఇంజనీర్ల సొత్తు అనుకోకండి. మనకీ కావాల్సినవే.

అసలు ఇది ఎందుకు పాడవుతుంది? ఇళ్ళల్లో పెట్టుకునే రకంలో సాధారణంగా లోపల ఒక లోహపు ఆక్సైడ్ పొర ఎప్పుడూ వేడిగా ఉంటుంది. గ్యాస్ తగిలితే ఆ పొరలోంచి కరెంటు పారే తీరు మారుతుంది. మార్పు ఓ హద్దు దాటితే గంట మోగుతుంది. ఫ్యాక్టరీల్లో మండే వాయువులకి వాడే ఒక రకంలో చిన్నపూస లాంటిది ఉంటుంది. గ్యాస్ దానిమీద కాలి వేడి పుట్టిస్తుంది, ఆ వేడినిబట్టి లెక్క తేలుతుంది. విషవాయువుల్నీ, ఆక్సిజన్నీ కొలిచేవాటిలో బ్యాటరీలో లాగా రసాయనం ఉంటుంది. ఇవన్నీ వయసు మీదపడేవే. రసాయనం రెండు మూడేళ్ళల్లో ఓపిక తగ్గిపోతుంది. పూసకి సిలికాన్ కలిసిన పాలిష్‌లూ, స్ప్రేలూ తగిలితే విషం ఎక్కినట్టు మొద్దుబారిపోతుంది. ఇక మన వంటింటి సంగతి చెప్పేదేముంది? గారెలు, బజ్జీలు వేసిన నూనెపొగ, దుమ్ము కలిసి ఆ జల్లెడ రంధ్రాలమీద జిడ్డుగా పేరుకుంటాయి. గ్యాస్ లోపలికి వెళ్ళే దారే మూసుకుపోతే గంట ఏం మోగుతుంది?

అన్నిటికంటే ప్రమాదం ఏమిటంటే, ఇది పాడైన సంగతి పైకి కనిపించకపోవచ్చు. మిక్సీ పాడైతే తిరగదు. ఫ్రిజ్ పాడైతే పాలు విరుగుతాయి. గ్యాస్ డిటెక్టర్ మొద్దుబారినా లైటు వెలుగుతూనే ఉండొచ్చు. ఆ లైటు "నాకు కరెంటు అందుతోంది" అని చెబుతుందేగానీ "నాకు వాసన తెలుస్తోంది" అని చెప్పదు. బాగున్నది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో, చచ్చిపోయింది కూడా అంతే నిశ్శబ్దంగా ఉంటుంది. రెంటికీ తేడా తెలియాలంటే పరీక్ష ఒక్కటే దారి.

మరి టెస్ట్ బటన్ ఉంది కదా, అంటారు. ఉంది. నొక్కితే కుయ్యిమంటుంది. కానీ చాలావాటిలో ఆ బటన్ పరీక్షించేది గంటనీ, వైర్లనీ మాత్రమే. గ్యాస్‌ని పసిగట్టే భాగం బాగుందో లేదో దానికి తెలియదు. కాలింగ్‌బెల్ నొక్కితే మోగిందంటే బెల్లు బాగున్నట్టే. అంతమాత్రాన ఇంట్లో మనిషికి చెవులు వినిపిస్తున్నట్టు కాదు కదా! బటన్ నొక్కడం మానమని కాదు. అదొక్కటే చాలనుకోవద్దని.

అయితే ఎన్నాళ్ళకోసారి చూసుకోవాలి? ముందు ఇంటి సంగతి చెబుతాను.

వారానికోసారి బటన్ నొక్కి గంట వినండి. పక్కగదిలో తలుపు వేసుకుని పడుకున్నవాళ్ళకి వినిపిస్తోందో లేదో కూడా అడగండి. నెలకోసారి పొడిగుడ్డతోనో, మెత్తటి బ్రష్షుతోనో దుమ్ము దులపండి. తడిగుడ్డ వద్దు. టైల్స్ తుడిచే మందులు, స్ప్రేలు అసలే వద్దు. ఏడాదికోసారి అమ్మిన కంపెనీ సర్వీసు మనిషిని పిలిపించి, నిజం గ్యాస్‌తో పరీక్ష చేయించండి. "బటన్ నొక్కి చూశానమ్మా, బానే ఉంది" అంటే ఒప్పుకోకండి. "గ్యాస్ చూపించి మోగించు బాబూ" అనండి. వెలిగించని లైటర్ గ్యాస్‌తో పరీక్షించడం కొందరికి అలవాటు. తయారీదారు ఇచ్చిన కాగితంలో అలా చేయమని ఉంటేనే చేయండి. దగ్గరగా పెట్టి ఎక్కువ గ్యాస్ ఊదితే ఉన్న సెన్సర్ కాస్తా దెబ్బతినొచ్చు. పొయ్యి నాబ్ తిప్పి వదిలేసి మోగుతుందేమో చూడటం మాత్రం ప్రాణాలతో ఆట. అది ఎవ్వరూ చేయకూడదు.

ఇక గడువు. ఇళ్ళల్లో వాడే ఇలాంటి పరికరాల ఆయుష్షు చాలావాటికి ఐదేళ్ళ చిల్లర. కొన్నిటికి ఇంకొంచెం ఎక్కువ. పెట్టె వెనక రాసి ఉంటుంది. గోడకి తగిలించిన తర్వాత వెనకవైపు ఎవరు చూస్తారు? అందుకే బిగించిన తేదీ, మార్చాల్సిన తేదీ ముందుభాగం మీదే చెరగని ఇంకుతో రాసిపెట్టండి. అందం పోతుందని సందేహించకండి. గడువు తీరాక బాగుచేయించి వాడే వస్తువు కాదిది. మార్చేయాల్సిందే.

ఎక్కడ పెట్టారన్నదీ అంతే ముఖ్యం. సిలిండర్లో వచ్చే వంటగ్యాస్ గాలికంటే బరువు. లీకైతే నీళ్ళలాగా కిందకి దిగి నేలమీద పరుచుకుంటుంది. కాబట్టి డిటెక్టర్ నేలకి జానెడున్నర ఎత్తులో ఉండాలి. పైపులో వచ్చే సహజవాయువు గాలికంటే తేలిక. అది పైకి లేస్తుంది. దానికి పైకప్పు దగ్గర పెట్టాలి. హైదరాబాద్, విజయవాడ, కాకినాడల్లో ఎన్నో ఇళ్ళకి పైపు గ్యాస్ వచ్చింది. సిలిండర్ తీసేసి పైపు పెట్టించుకున్నవాళ్ళు డిటెక్టర్ని కిందనే వదిలేస్తే అది కాపలా కాదు, గోడకి బొమ్మ. పైగా ఒక వాయువుకి సరిచూసిన పరికరం ఇంకో వాయువుకి సరైన లెక్క చెప్పదు. పైపు గ్యాస్‌కి దానికి తగినదే కొనుక్కోవాలి.

"ఇంత హడావుడి ఎందుకండీ? గ్యాస్‌కి వాసన ఉంటుంది కదా. మా ముక్కు లేదా?" అని కొందరు అడుగుతారు. నిజమే. వంటగ్యాస్‌కి సొంత వాసన ఉండదు. లీకైతే మనకి తెలియాలనే మెర్‌కాప్టన్ అనే ఘాటైన పదార్థం కలుపుతారు. ఆ ముక్కే మన మొదటి కాపలా. కానీ జలుబు చేస్తే? నిద్రపోతుంటే? వయసు మళ్ళిన అత్తగారు ఒక్కరే ఇంట్లో ఉంటే? కోవిడ్ తర్వాత నెలల తరబడి వాసన తెలియక అవస్థపడినవాళ్ళు మనలో ఎంతమంది లేరు! పైగా ఒకే వాసనలో కాసేపుంటే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. బయటినుంచి వచ్చినవాళ్ళు "ఏదో వాసనొస్తోందే" అన్నదాకా మనకి తెలియదు.

కొన్ని వాయువులకైతే ముక్కు ఎందుకూ పనికిరాదు. స్నానాలగదిలో గ్యాస్ గీజర్ పెట్టి, కిటికీ మూసేసుకుంటే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. తలుపు కొట్టి కొట్టి, బద్దలుకొట్టి చూస్తే మనిషి కిందపడి ఉండటం... ఇలాంటి వార్తలు చలికాలం వచ్చిందంటే చదువుతూనే ఉన్నాం. గ్యాస్ గీజర్ బయట గోడకి ఉండాలి, స్నానాలగదిలో కాదు. ఆ మాట మీ ఇంటి ప్లంబర్‌కి గట్టిగా చెప్పండి. వంటగ్యాస్ డిటెక్టర్ ఉంది కదా అని ధీమా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి దాని పరికరం వేరు.

గంట నిజంగా మోగిన రోజు ఏం చేయాలో కూడా ఇంటిల్లిపాదికీ ముందే తెలిసుండాలి. లైటు వేయకండి. వెలుగుతున్న లైటు ఆర్పకండి. ఎగ్జాస్ట్ ఫ్యాను జోలికి పోకండి. స్విచ్చి వేసినా ఆపినా చిన్న నిప్పురవ్వ పుడుతుంది. గాలిలో రెండుశాతం వంటగ్యాస్ చేరితే చాలు, ఆ రవ్వకే అంటుకుంటుంది. రెగ్యులేటర్ కట్టేయండి. చేతనైతే తీసి సిలిండర్‌కి మూత బిగించండి. తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, పిల్లల్నీ పెద్దవాళ్ళనీ తీసుకుని బయటికి నడవండి. ఫోను బయటికొచ్చాకే. వంటగ్యాస్ లీకైతే రాత్రి పగలూ పలికే నంబరు 1906. అది ఫ్రిజ్ మీద కాదు, వీధి గుమ్మం దగ్గర రాసి పెట్టండి.

ఎంత మంచి డిటెక్టర్ ఉన్నా రబ్బరు ట్యూబు పని ట్యూబుదే. ఐదేళ్ళకోసారి సురక్షా ట్యూబు మార్చాలి. ఐదేళ్ళకోసారి ఏజెన్సీ మనిషి వచ్చి ఇంట్లో గ్యాస్ అమరిక తనిఖీ చేయాలి. సిలిండర్ మెడదగ్గర ఎ, బి, సి, డి అక్షరాల్లో ఏదో ఒకటీ, పక్కన సంవత్సరం రాసి ఉంటుంది చూడండి. ఎ అంటే జనవరి నుంచి మార్చి. డి అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్. ఆ మూడునెలల్లోగా ఆ సిలిండర్ని మళ్ళీ పరీక్షకి పంపాలని అర్థం. గడువు దాటింది మీ గుమ్మంలోకి వస్తే వెనక్కి పంపే హక్కు మీది.

ఇక ఇంటి గడప దాటి చూద్దాం. ఎందుకంటే మనలో ఎంతోమంది రోజుకి ఎనిమిదిగంటలు గడిపేది ఇంట్లో కాదు. భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల ప్లాంట్లలో తలకి టోపీ, చేతికి గ్లవుజులు వేసుకుని నిలబడి పనిచేసేవాళ్ళల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆ చలిగదుల్ని చల్లబరిచేది అమ్మోనియా. పైపు ఎక్కడైనా వదులైతే కళ్ళు మండి, ఊపిరాడక ముందు పడిపోయేది వాళ్ళే. మందుల కంపెనీల్లో, బట్టలు కుట్టే ఫ్యాక్టరీల్లోనూ మన చెల్లెళ్ళూ, కూతుళ్ళూ ఉన్నారు. 2022 జూన్ 3న అచ్యుతాపురంలో బట్టలు కుట్టే మహిళలు పెద్దసంఖ్యలో ఏదో వాయువు పీల్చి ఆస్పత్రిపాలయ్యారు. రెండునెలలు గడిచాయి. ఆగస్టు 2న మళ్ళీ అదేచోట, మళ్ళీ అలాగే! వాళ్ళకి ప్రమాదం తెలిసింది ఎలా? తలనొప్పితో, వాంతులతో. ఆడవాళ్ళ శరీరాలే అక్కడ డిటెక్టర్లయ్యాయి.

ఈ మాట కొత్తది కాదు. 1984 డిసెంబర్ 2 రాత్రి భోపాల్‌లో జరిగింది గుర్తుందా? ఆ ఫ్యాక్టరీలో చిన్నచిన్న లీకులు కార్మికులకి తెలిసే పద్ధతి కళ్ళు మండి నీళ్ళు కారడమే. మీటర్లు ఎప్పుడూ సరిగ్గా చూపించవని పేరుపడిపోవడంతో, ఆ రాత్రి పీడనం పెరుగుతోందని ముల్లు చూపించినా మొదట ఎవరూ నమ్మలేదు. ఊరివాళ్ళని లేపాల్సిన సైరన్‌ని కాసేపు మోగించి ఆపేశారు. పరీక్షించని మీటరు చేసే కీడు ఇదీ. అది అబద్ధం చెబితే ఒక నష్టం. నిజం చెప్పినా నమ్మేవాళ్ళు లేకపోవడం అంతకంటే పెద్ద నష్టం.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ ఆవిరి ఊరిమీద పడి 12 మంది ప్రాణాలు పోయాయి. నిద్రలేచి వీధిలోకి వచ్చినవాళ్ళు వచ్చినట్టే కూలిపోయిన దృశ్యాలు మనమందరం టీవీల్లో చూశాం. ఆ తర్వాత రాష్ట్రప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఏం తేల్చిందో తెలుసా? సైరన్ మోగించే ఏర్పాటు 36 చోట్ల ఉందట. ఒక్కచోట కూడా మోగించలేదట. ట్యాంకులో వేడి ఎంతుందో చూసే పరికరం అడుగున మాత్రమే ఉంది. పైభాగంలో వేడి పెరిగిపోతుంటే చెప్పే నాథుడే లేడు. పరికరాలు లేకకాదు. వాటిని ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు వాడాలో పట్టించుకున్నవాళ్ళు లేక.

పనిచేసే చోట లెక్క ఇంటికంటే కఠినంగా ఉండాలి. చేత్తో పట్టుకెళ్ళే డిటెక్టర్ని రోజూ పనిలోకి దిగేముందు బంప్ టెస్ట్ చేయాలని అమెరికాలోని కార్మికభద్రత సంస్థ ఓషాతోసహా ఈ రంగంలోవాళ్ళు చెబుతున్నారు. ఏడాదికోసారి కాదు, నెలకోసారి కాదు, రోజూ! అందులో తప్పితే పూర్తి క్యాలిబ్రేషన్ చేయాలి. అప్పటికీ తప్పితే ఆ పరికరం పక్కన పడేయాలి. గోడలకి బిగించినవాటికి తయారీదారు చెప్పిన గడువు పాటించాలి. చాలావాటికి మూడునెలల నుంచి ఆరునెలలు. కింద పడినా, తడిసినా, ఎక్కువ గ్యాస్ తగిలినా, సెన్సర్ మార్చినా గడువుతో పనిలేదు, వెంటనే సరిచూడాలి. తూకంరాయిలా వాడే ఆ చిన్న సిలిండర్‌కీ గడువు తేదీ ఉంటుందన్నది మరచిపోకూడదు.

ఇదంతా ఎంతసేపు పని? ఒక్క బంప్ టెస్ట్‌కి నిమిషమో, రెండు నిమిషాలో. మరి ఎందుకు జరగదు? ఎందుకంటే ఇది కనిపించని పని. మనింట్లో పనిలాంటిదే. ఇల్లు ఊడిస్తే ఎవరూ "ఆహా" అనరు. ఒక్కరోజు మానేస్తే మాత్రం అందరికీ కనిపిస్తుంది. ఈ పరీక్షలూ అంతే. రోజూ చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడమే దాని ఫలితం. అది చూసి పైవాళ్ళు "ఇన్నాళ్ళూ ఏం కాలేదు కదా, ఈ ఖర్చెందుకు?" అంటారు. రిజిస్టర్లో టిక్కులు మాత్రం నిండుగా ఉంటాయి. పరీక్ష చేయకుండా పెట్టిన టిక్కు, పరీక్ష చేసి పెట్టిన టిక్కు... చూపుకి రెండూ ఒకేలా ఉంటాయి.

అందుకే నేను కోరేది ఒక్కటే. ప్రతి డిటెక్టర్ మీదా చివరిసారి ఎప్పుడు పరీక్షించారో, మళ్ళీ ఎప్పుడు పరీక్షించాలో అక్కడ పనిచేసేవాళ్ళు చదువుకునే భాషలో కాగితం అంటించాలి. ఆఫీసు బీరువాలో రిజిస్టరుతో సరిపెట్టకూడదు. మన ప్లాంట్లలో తెలుగు వచ్చినవాళ్ళే కాదు, వేరే రాష్ట్రాల నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండి పనిచేసే అమ్మాయిలూ ఉన్నారు. వాళ్ళ భాషలోనూ ఉండాలి. గంట మోగితే ఏ గుమ్మంలోంచి, ఎటు పరుగెత్తాలో మాటలతో కాదు, నడిపించి చూపించాలి. షిఫ్టుకి ఒకరైనా మహిళ ఆ పరీక్ష జరిగేటప్పుడు పక్కన నిలబడి చూడాలి, రిజిస్టర్లో సంతకం పెట్టాలి. పీల్చేది వాళ్ళైనప్పుడు చూసే హక్కూ వాళ్ళకి ఉండాలి కదా! భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు, ప్రమాదం ముంచుకొస్తోందని అనిపిస్తే యాజమాన్యాన్ని హెచ్చరించే హక్కు కార్మికులకి రాసిచ్చారు. చట్టాల పేర్లు మారొచ్చు. వేలప్రాణాలు పోతే వచ్చిన ఆ హక్కుని మాత్రం మనం మరిచిపోకూడదు.

అపార్టుమెంటుల్లో ఉండే సోదరీమణులకి ఇంకొక్క మాట. మీ సెప్టిక్ ట్యాంకు నిండితే సెక్రటరీ ఎవరిని పిలుస్తున్నారో కనుక్కోండి. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. మోతాదు పెరిగాక ముక్కు మొద్దుబారి ఆ కంపు తెలియకుండా పోతుంది. కంపు పోయిందని దిగినవాడు మళ్ళీ పైకి రాడు. వాణ్ణి రక్షిద్దామని దిగినవాడూ రాడు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. ఆక్సిజన్‌తో సహా నాలుగు వాయువుల్ని కొలిచే మీటరు ఉండాలి, అది ఆ రోజు పరీక్షించినదై ఉండాలి. అసలు మనిషిని దింపనే వద్దు, యంత్రం పిలిపించండి. నాలుగువందలో, ఐదువందలో ఎక్కువవుతుందని మీటింగులో ఎవరైనా గొణిగితే, అవతల ఓ ఇల్లాలి మెడలో తాళి ఖరీదెంతో అడగండి.

కొందరు అనొచ్చు, "ఇంట్లో ఇప్పటికే చాకిరీ చాలక, ఈ పెట్టె సేవ కూడా మాకేనా?" అని. న్యాయమైన ప్రశ్న. వంటిల్లు ఆడవాళ్ళది కాబట్టి అందులో ప్రతి వస్తువూ ఆడవాళ్ళ బాధ్యతే అనడానికి నేనూ ఒప్పుకోను. గ్యాస్ పేలితే గోడలు ఆడా మగా చూసి పడవు. బటన్ నొక్కే పని మీ వారికి అప్పజెప్పండి. తేదీలు రాసే పని పదో తరగతి చదివే అబ్బాయికి అప్పజెప్పండి. వాడికి సైన్సు పాఠం కూడా అవుతుంది. మీరు మాత్రం అడగడం మానకండి. మనలో ప్రశ్న అడిగే అలవాటు ఎప్పుడూ ఉన్నదే. పాలు పల్చగా ఉంటే అడుగుతాం. చీర రంగు వెలిస్తే వెనక్కి తీసుకెళ్ళి అడుగుతాం. ప్రాణానికి కాపలా ఉన్న వస్తువు గురించి అడగడానికి మొహమాటం ఎందుకు?

ఈ శుక్రవారం గడప కడిగి ముగ్గేశాక ఓ ఐదు నిమిషాలు కేటాయించండి. డిటెక్టర్ ఉంటే ప్లగ్గులో ఉందో లేదో చూసి, బటన్ నొక్కి, దుమ్ము దులిపి, తేదీ రాయండి. లేకపోతే ట్యూబు తేదీ అయినా చూడండి. సబ్బునీళ్ళు పూసి బుడగలొస్తున్నాయేమో చూడండి. అగ్గిపుల్లతో మాత్రం చూడకండి. పనికి వెళ్ళే అమ్మాయి ఇంట్లో ఉంటే సాయంత్రం కాఫీ ఇస్తూ అడగండి. "అమ్మాయ్, మీ ఫ్యాక్టరీలో ఆ గ్యాస్ గంటని చివరిసారి ఎప్పుడు పరీక్ష చేశారే?" తెలియదంటే, రేపు వెళ్ళి కనుక్కోమనండి. తనొక్కతే అడగడానికి భయపడితే పదిమందితో కలిసి అడగమనండి. ఏం జవాబొచ్చిందో మన పేజీకి ఉత్తరం రాయండి. పేర్లు వేయంలెండి. మీ జవాబులు మాత్రం తప్పకుండా వేస్తాం.